మోంజాలో లెస్మో మలుపుల దగ్గర కారు ముందుభాగం జారిపోతోంది: సెటప్‌లో ముందుగా దేనిని మార్చాలి?

ఉక్కునగరం ఆటగాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అయిదు నెలలుగా అసెట్టో కోర్సా కాంపిటీజియోనే అనే కారు రేసుల వీడియో గేమ్ ఆడుతున్నాను. నా కారు బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3. విశాఖలో ఉన్న మిత్రులం కొందరం వారానికొకసారి రాత్రి పదింటికి ఒక సర్వరులో చేరి పోటీ పెట్టుకుంటాం. వచ్చే పోటీ ఇటలీలోని మోంజా ట్రాకులో. 5.793 కిలోమీటర్ల ఆ ట్రాకులో నా మంచి ల్యాపు 1 నిమిషం 52.4 సెకన్లు. మాలో ముందుండే ఇద్దరు 1 నిమిషం 49 సెకన్ల దగ్గర నిలకడగా తిరుగుతున్నారు.

నా ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది లెస్మో జంట మలుపులు. స్టీరింగు ఎంత తిప్పినా కారు లోపలికి రాక, ముందు చక్రాలు జారుకుంటూ బయటి అంచుకు పోతోంది. రెండవది అస్కారీ అనే మలుపుల వరుస. అక్కడ చివరి ఎడమ మలుపు నుంచి బయటపడేటప్పుడు యాక్సిలరేటరు తొక్కగానే వెనక భాగం తప్పుకుని కారు తిరిగిపోతోంది. ఒకే కారులో ముందు భాగమూ జారి, వెనక భాగమూ జారుతుంటే దేనికని మందు వేయాలో నాకు తెలియడం లేదు.

డబ్బు పెట్టి ఒక సెటప్, అంటే కారు అమరికల ఫైలు, కొన్నాను. దానితో ఇంకా నెమ్మదించాను. దానిని తయారుచేసినవారు గాలి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు అని రాసి ఉంచారు. మా సర్వరులో 29 డిగ్రీలు పెడతాం. ఆ తేడా అంత ముఖ్యమా? మొన్న శనివారం రాత్రి విసుగు పుట్టి స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలు), క్యాంబర్ (చక్రం నిలువుగా వాలే కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), వెనక రెక్క, డిఫరెన్షియల్, డ్యాంపర్లు అన్నీ ఒకే విడతలో మార్చేశాను. ఒక ల్యాపులో బాగుంది, మరుసటి ల్యాపులో పాడైంది, ఏది దేనివల్ల జరిగిందో అర్థం కాలేదు. ఏ వరుసలో పోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఎంవీపీ కాలనీ వాసి:

నమస్కారం అండి. కొన్న సెటప్‌ను కొంతకాలం పక్కన పెట్టండి. ఆటలో ప్రతి కారుకూ ఇచ్చే సిద్ధమైన సెటప్‌లలో అగ్రెసివ్ అన్నదాన్ని ఎక్కించి, అందులో టైర్ల గాలి తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా మొదలుపెట్టండి. గాలి సరిగ్గా లేనంతసేపూ మిగతా మార్పులు ఏం చేశాయో తెలుసుకునే దారి లేదు. మీరు క్యాంబర్ మార్చి బాగుపడిందని అనుకున్నది నిజానికి మూడో ల్యాపుకు టైరు వేడెక్కడం వల్ల బాగుపడి ఉండవచ్చు.

2023లో వచ్చిన 1.9 వెర్షను నుంచి ఈ ఆటలో పొడి ట్రాకు టైరు వేడి మీద ఉన్నప్పుడు 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉంటేనే పూర్తి పట్టు ఇస్తుంది. అంతకు ముందు ఇది 27.5 చుట్టుపక్కల ఉండేది; అందుకే పాత వీడియోలలో చెప్పిన అంకెలు ఇప్పుడు పనికిరావు. మీరు గరాజులో పెట్టేది చల్లటి టైరు గాలి, ట్రాకు మీద కావలసింది వేడి టైరు గాలి. ఈ రెంటి మధ్య నడిచే లెక్క ఇంటర్మీడియట్‌లో చదువుకున్న వాయు సూత్రమే. మీటరు చూపించే 26.5కు వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 41.2 అవుతుంది. లోపలి గాలి 80 డిగ్రీల దగ్గర ఉంటే, అంటే 353 కెల్విన్, ఒక్కొక్క డిగ్రీకి పీడనం సుమారు 0.12 పెరుగుతుంది. బయటి గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే 0.1 సవరించుకోవాలని ఆటగాళ్లు చెప్పుకునే లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. మీరు కొన్న సెటప్ 22 డిగ్రీలకు చేసింది, మీరు నడుపుతున్నది 29లో. ఏడు డిగ్రీల తేడాకు 0.7 నుంచి 0.8 పీఎస్ఐ ఎక్కువవుతుంది. టైరు పూర్తి పట్టు ఇచ్చే గీత దాటిపోవడానికి ఆ మాత్రం చాలు. కాబట్టి ఆ తేడా చాలా ముఖ్యం అండి.

ఇంకొక సంగతి గమనించండి. మోంజాలో లెస్మో రెండూ కుడి మలుపులే. కర్వా గ్రాండే కుడికే, చివరి పారాబోలికా కూడా కుడికే. పొడవైన కుడి మలుపులలో బరువంతా ఎడమ టైర్ల మీద పడి అవి ఎక్కువ వేడెక్కుతాయి. నాలుగు చక్రాలకూ ఒకే గాలి పెడితే ఎడమ ముందు టైరు మొదట ఉబ్బి, నడుము మాత్రమే నేలకు ఆని, మీరు చెప్పిన విధంగా జారుతుంది. టైరు పేజీలో లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడిని విడివిడిగా చూపిస్తుంది. రెండు అంచుల కంటే మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు.

కాబట్టి నాలుగైదు ల్యాపులు శాంతంగా, గడ్డి మీదకు పోకుండా, ప్రతి ల్యాపూ ఒకేలా నడపండి. తరువాత నాలుగు టైర్ల వేడి గాలినీ నోటు పుస్తకంలో రాసుకుని గరాజుకు రండి. చల్లటి గాలిలో 1 పీఎస్ఐ తగ్గిస్తే వేడిలో దాదాపు 1.2 తగ్గుతుందని గుర్తుపెట్టుకుని సవరించండి. ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించినా నష్టం లేదు.

ఆటోనగర్ అలైన్‌మెంట్:

తమ్ముడూ, నేను ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా వీల్ అలైన్‌మెంట్ చేస్తున్నాను. మా అబ్బాయి ఇంట్లో స్టీరింగు సెట్టు బిగించుకున్నప్పటి నుంచి రాత్రిళ్లు నేను కూడా కూర్చుంటున్నాను. ఎంవీపీ కాలనీ వారు చెప్పిన గాలి మాట అక్షరాలా నిజం. జాతీయ రహదారి మీద లోడుతో పోయే లారీ వాళ్లు తెల్లవారుజామున, బండి కదలక ముందే గాలి ఎందుకు చూసుకుంటారో నీకు ఇప్పుడు అర్థమవుతుంది.

నీ ప్రశ్నలో నాకు కావలసిన ముక్క ఒకటి లేదు. "కారు తిరగడం లేదు" అని రాశావు. మా షెడ్డుకు వచ్చేవారు కూడా "బండి ఒక పక్కకు లాగుతోంది" అని తాళం చేతిలో పెట్టి నిలబడతారు. బ్రేకు వేసినప్పుడు లాగుతోందా, వదిలేసినప్పుడు లాగుతోందా, గతుకులో పడినప్పుడు లాగుతోందా అని అడిగితే గానీ చేయి ఎక్కడ పెట్టాలో తెలియదు. మలుపు కూడా అంతే. బ్రేకు ఇంకా కాలి కింద ఉండగా లోపలికి తిరిగే భాగం ఒకటి. బ్రేకు వదిలేసి, యాక్సిలరేటరు ఇంకా అందుకోకుండా కారు తనంత తానుగా దొర్లే మధ్య భాగం ఇంకొకటి. స్టీరింగు విప్పుతూ యాక్సిలరేటరు తొక్కే భాగం మూడవది. ఈ మూడింటిలో ముందు చక్రం ఎక్కడ జారుతోందో దాన్ని బట్టి మందు మారుతుంది. మధ్య భాగంలో జారుతుంటే ముందు యాంటీ రోల్ బారును ఒక మెట్టు మెత్తన చేయి. కారు పక్కకు ఒరిగేటప్పుడు ఆ బారు ఎంత గట్టిగా ఉంటే లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి అంత బరువు మారుతుంది. రెండు ముందు చక్రాలూ పంచుకోవలసిన పనిని ఒకటే మోస్తే మొత్తం పట్టు తగ్గుతుంది. వెనక బారును గట్టిచేసినా ఇదే ఫలితం వస్తుంది కానీ, నీకు అస్కారీలో వెనక భాగం ఇప్పటికే తప్పుకుంటోంది కాబట్టి ఆ దారిలో పోకు.

అస్కారీ గురించి నా అభిప్రాయం ఏమిటంటే, అది వేరే రోగం కాకపోవచ్చు. ముందు భాగం జారుతున్నప్పుడు మనకు తెలియకుండానే స్టీరింగు ఇంకా తిప్పేస్తాం, ఓపిక పట్టలేక స్టీరింగు విప్పకముందే యాక్సిలరేటరు తొక్కుతాం. అప్పుడు వెనక చక్రాలు పక్కకు పట్టు ఇవ్వాలి, ముందుకు తోయాలి. రెండూ ఒకేసారి అవి చేయలేవు. ముందు చక్రాల జబ్బు నయమైతే వెనక జబ్బు సగం దానంతటదే పోతుంది. కొన్నాళ్లు వెనక దేనినీ ముట్టుకోకు.

టో గురించి కూడా ఒక మాట. షెడ్డులో మిషను ఎక్కించే ముందు నేను అరచేతిని టైరు మీద అడ్డంగా నిమురుతాను, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి. ఒక వైపు నున్నగా పోయి, ఎదురు వైపు రంపపు పళ్లలా చేతికి గుచ్చుకుంటే టో తప్పిందని మిషను చెప్పకముందే తెలిసిపోతుంది. ఆ టైరు తిన్నగా పోతున్నప్పుడు కూడా నేలను గీసుకుంటూ పోయిందన్నమాట. ఆటలో నీ చేతికి ఆ గరుకు తగలదు. దాని బదులు వేడి కనిపిస్తుంది. ముందు చక్రాలకు టో-అవుట్, అంటే చక్రాల ముందు అంచులు బయటికి తిరిగి ఉండటం, ఎక్కువ పెడితే మలుపులోకి చురుగ్గా దిగుతుంది, కానీ మోంజాలోని పొడవైన తిన్నని దారుల మీద కూడా టైరు గీసుకుని వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడి మళ్లీ గాలిని పెంచుతుంది. శనివారం నువ్వు మార్చిన అన్నిటిలో టోను ముందుగా పాత చోటికి తెచ్చుకో.

ఉక్కునగరం ఆటగాడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎంవీపీ కాలనీ వారు చెప్పినట్టు అగ్రెసివ్ ఎక్కించి, 29 డిగ్రీలలో అయిదు ల్యాపులు తిరిగాను. వేడి గాలి ఎడమ ముందు 27.8, ఎడమ వెనక 27.5, కుడి ముందు 27.1, కుడి వెనక 26.9 చూపించింది. ఎడమ ముందు టైరులో మధ్య భాగమే అన్నిటికంటే వేడిగా ఉంది. ఎడమ ముందు 1.1, ఎడమ వెనక 0.8, కుడి ముందు 0.5, కుడి వెనక 0.4 తగ్గించాక నాలుగూ 26.4, 26.6 మధ్యకు వచ్చాయి. ల్యాపు 1 నిమిషం 51.2కు దిగింది. గాలి ఒక్కదానితో సెకను పైగా వస్తుందని నేను అనుకోలేదు.

అన్నయ్యా, మీరు అడిగిన ముక్క కోసం రీప్లేను నెమ్మదిగా చూశాను. లెస్మో ఒకటిలో ముందు భాగం జారడం బ్రేకు ఇంకా కాలి కింద ఉండగానే మొదలవుతోంది. బ్రేకు పూర్తిగా వదిలిన మరుక్షణం కారు ఒక్కసారిగా లోపలికి తిరుగుతోంది. ముందు బారును ఒక మెట్టు మెత్తన చేసి చూశాను. మధ్య భాగం కొంచెం నయమనిపించింది, బ్రేకు మీద జారడం మాత్రం ఇంకా పెరిగినట్టు ఉంది. నేను తప్పుగా చూస్తున్నానా?

మధురవాడ మెకానికల్:

మీరు సరిగ్గానే చూశారు. బ్రేకు వదలగానే పట్టు తిరిగి వస్తోందంటే ముందు వైపు బంప్ స్టాప్‌ను అనుమానించాలి.

స్ప్రింగు కొంత దూరం నొక్కుకున్నాక సస్పెన్షను లోపల ఒక మెత్తటి దిమ్మెకు తగులుతుంది. దానినే బంప్ స్టాప్ అంటారు. గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు కిందికి దిగుతుంది, అదే సమయంలో కుడికి తిప్పితే ఎడమ ముందు మూల ఇంకా దిగుతుంది. ఆ మూల దిమ్మెకు తగిలిన క్షణంలో అక్కడి స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టు అవుతుంది. ముందు వైపు బరువంతా ఆ ఒక్క టైరు మీద పడుతుంది, జారుతుంది. బ్రేకు వదిలితే ముక్కు లేచి దిమ్మె విడిపోతుంది, పట్టు తిరిగి వస్తుంది. అన్నగారు చెప్పిన బారు సలహా మధ్య భాగానికి సరైనదే. ఇక్కడ మాత్రం బారు మెత్తబడటంతో కారు ఎక్కువ ఒరిగి, ఇంకా ముందే దిమ్మెకు తగులుతోంది. మీకు రెండు వేర్వేరు ఫలితాలు కనిపించడానికి కారణం అదే.

కాలేజీలో ఉండగా మా జట్టు బాహా పోటీకి, అంటే విద్యార్థులు మట్టి దారుల బండ్లు తయారుచేసే పోటీకి, బండి కట్టింది. షాక్ అబ్సార్బరు కడ్డీకి ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి, కిందికి తోసి, బండిని మట్టి గుంటల్లో తిప్పి తెచ్చేవాళ్లం. ఆ టై కడ్డీ మీద ఎంత పైకి నెట్టుకుపోయి ఉంటే సస్పెన్షను అంత నొక్కుకున్నట్టు. చివరి దాకా పోయి, దిమ్మె అంచుకు నలిగి రెండు ముక్కలైన టైలు నా పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. ఆటలో ఈ పని టెలిమెట్రీ, అంటే కారు కదలికల కొలతల నమోదు, చేస్తుంది. సెటప్‌లో ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ ల్యాపుల సంఖ్య పెట్టండి. ఆ ఫైళ్లను మోటెక్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఐ2 ప్రోగ్రాములో తెరిచి, ఎడమ ముందు సస్పెన్షను కదలిక గీతను చూడండి. లెస్మో దగ్గర ఆ గీత కిందికి దిగుతూ దిగుతూ ఒక చోట చదునుగా నిలిచిపోతే అదే దిమ్మె.

ముందు బంప్ స్టాప్ రేంజ్‌ను, అంటే దిమ్మెకు తగిలేలోపు ఉన్న ఖాళీని, మూడు నాలుగు మెట్లు పెంచండి. అది చాలకపోతే దిమ్మె గట్టిదనాన్ని తగ్గించండి. అయితే ఖాళీ ఎక్కువైతే ముక్కు మరీ కిందికి దిగి ముందు అంచు నేలను తాకుతుంది, ముక్కు ఎత్తు మారేకొద్దీ కారును కిందికి నొక్కే గాలి ఒత్తిడి కూడా అటూ ఇటూ మారుతుంది. రేసు ఇంజనీర్లు ఆ దిమ్మెను కావాలని దగ్గరగా పెట్టడానికి కారణం ఇదే. కాబట్టి కొద్దికొద్దిగా పొండి, బారును ఉన్నచోటే ఉంచండి. బ్రేకు బయాస్‌ను, అంటే ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకాన్ని, వెనక్కి జరపమని కొందరు చెబుతారు. మోంజా మొదటి షికేన్‌కు (వేగం తగ్గించే వంకర మలుపుల జంటకు) మీరు చాలా ఎక్కువ వేగం నుంచి బ్రేకు వేయాలి కాబట్టి, వెనక చక్రాలు అక్కడ ముందుగా జారే ప్రమాదం ఉంది. అది చివరి మందుగా ఉంచుకోండి.

ఎంవీపీ కాలనీ వాసి:

మధురవాడ వారు చెప్పినదానికి నా అనుభవం కూడా తోడు. ఇదే లక్షణాన్ని నేను మూడు నెలలు క్యాంబర్‌తో సరిచేయబోయి విఫలమయ్యాను. ఒకే ఒక్క చేర్పు: పారాబోలికాను లెస్మోతో కలిపి చూడకండి. అది వేగమైన, పొడవైన మలుపు. అక్కడ కారును కిందికి నొక్కే గాలి ఒత్తిడి మాట ఎక్కువ చెల్లుతుంది. ముందు భాగం అక్కడ మాత్రమే జారితే వెనక ఎత్తును ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచి చూడండి. కారు ముక్కు వైపు వాలితే గాలి ఒత్తిడి ముందుకు జరుగుతుంది.

ఉక్కునగరం ఆటగాడు:

టెలిమెట్రీలో ఆ చదును గీత కనిపించింది. లెస్మో ఒకటిలో బ్రేకు మీద ఉన్నంతసేపూ ఎడమ ముందు గీత గోడకు ఆనినట్టు నిలబడింది. ముందు రేంజ్ నాలుగు మెట్లు పెంచాను. ఇప్పుడు బ్రేకును మలుపు లోపలి అంచు దాకా పల్చగా పట్టుకుని ఉండగలుగుతున్నాను, స్టీరింగు మునుపటికంటే తక్కువ తిప్పుతున్నాను. అన్నయ్య చెప్పినట్టే అస్కారీలో తిరిగిపోవడం చాలా తగ్గింది. నిన్న రాత్రి పదిహేను ల్యాపులలో ఒక్కసారే జరిగింది, వెనక ఒక్క మెట్టు కూడా మార్చలేదు. మంచి ల్యాపు 1 నిమిషం 50.1.

ఆటోనగర్ అలైన్‌మెంట్:

చాలా సంతోషం తమ్ముడూ. బంప్ స్టాప్ సంగతి నాకు తట్టలేదు, మధురవాడ బాబు దగ్గర నేర్చుకున్నాను. ఈ పరీక్షలన్నీ ఎంత పెట్రోలుతో చేశావు? 60 లీటర్ల పెట్రోలు అంటే దగ్గర దగ్గర 45 కిలోలు. ఆ బరువుతో కారు కిందికి కూర్చుంటుంది, దిమ్మెకు ఖాళీ తగ్గుతుంది, టైరు ఎక్కువ వేడెక్కుతుంది. పోటీ మొదట్లో ట్యాంకులో ఎంత ఉంటుందో అంత నింపి ఒకసారి తిరిగి చూడు.

ఉక్కునగరం ఆటగాడు:

అన్నీ 20 లీటర్లతోనే చేశాను అన్నయ్యా. పోటీకి 60 దాటి నింపాలి. రేపు రాత్రి ఆ పెట్రోలుతో ఎనిమిది ల్యాపులు తిరిగి, ఎడమ ముందు గాలి ఎంత చూపించిందో, లెస్మోలో ఆ గీత మళ్లీ చదునయిందో లేదో ఇక్కడే రాస్తాను.